పరదేశములో చదువుకొను మన పిల్లలు

చదువవలసిన భాగములు: దానియేలు 1వ అధ్యాయము, యిర్మీయా 28, 29 అధ్యాయములు



కృష్ణా డెల్టాలో ఏ ఊరి సంఘమునకు వెళ్లినను, ఆదివారపు ఆరాధన ముగిసి జనులు గుడి మెట్లు దిగుచుండగా ఒక ప్రశ్న తప్పక వినబడుచున్నది: "అబ్బాయి ఎట్లున్నాడు? అమ్మాయి ఫోను చేసినదా?" ఒకప్పుడు ఈ ప్రశ్న గుంటూరులోనో మద్రాసులోనో చదువుచున్న బిడ్డను గూర్చినది. ఇప్పుడు అది సముద్రములు దాటిన బిడ్డను గూర్చినది. 2023–24 విద్యా సంవత్సరములో ఒక్క అమెరికా దేశములోనే 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. వారిలో 1,96,567 మంది డిగ్రీ తరువాతి పై చదువులు చదువుచున్నవారు. వీరిలో తెలుగువారి పాలు తక్కువ కాదు.

వెళ్లుటను గూర్చి చెప్పువారు మనకు అనేకులున్నారు. విజయవాడ బెంజి సర్కిలు దగ్గర నిలువబడి చూచినయెడల వీసా, పరీక్ష, అప్పు అను బోర్డులు కనబడును. అయితే వెళ్లిన తరువాత ఎట్లు బ్రదుకవలెనో, ఇంటియొద్ద మిగిలినవారు ఎట్లు నడుచుకొనవలెనో చెప్పువారు కొద్దిమందియే. ఈ నెల పాఠము దానిని గూర్చినది. బిడ్డ వెళ్లిన ఇండ్లవారును, వెళ్లగోరు యౌవనులును కలిసి దీనిని చదువుట మంచిది.

1. దానియేలు అంగీకరించినవి, అంగీకరింపనిది

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును తమ ఇష్టముతో బబులోనునకు వెళ్లలేదు, చెరపట్టబడి వెళ్లిరి. మన పిల్లలు కోరి వెళ్లుచున్నారు. ఈ భేదము పెద్దదే. అయినను అక్కడ చేరిన తరువాత వారికి కలిగిన పని మన పిల్లల పనివంటిదే. మూడు సంవత్సరముల చదువు, పరాయి భాష, పరాయి శాస్త్రము, పరాయి భోజనము, కడపట పరీక్ష.

ఈ అధ్యాయమును జాగ్రత్తగా చదివినయెడల ఒక సంగతి తెలియును. దానియేలు కల్దీయుల భాషను నేర్చుకొనెను. వారి విద్యను నేర్చుకొనెను. వారు పెట్టిన క్రొత్త పేరునకు పలికెను. వీటిలో దేనికిని అతడు అభ్యంతరము చెప్పినట్లు వ్రాయబడలేదు. ఒక్క భోజనము విషయములోనే అతడు నిలువబడెను. అక్కడనైనను కోపముతో నిలువబడలేదు. మొదట అధిపతిని మనవి చేసికొనెను. ఆయన భయపడగా, క్రిందనున్న విచారణకర్తతో పది దినములు పరీక్షించి చూడుమని చెప్పెను. అనగా ఏది నేర్చుకొనవలెనో, ఏది విడువకూడదో అతడు ముందుగానే మనస్సులో వేరుచేసికొనెను. ఈ వేరుచేసికొనుట లేక వెళ్లిన విద్యార్థి రెండు విధములుగా చెడును: అన్నిటిని తిరస్కరించి ఒంటరివాడగును, లేక అన్నిటిని అంగీకరించి తానెవరో మరచిపోవును.

మన పిల్లలు నేర్చుకొనవలసిన వాటిలో మొదటిది తరగతిగది పద్ధతి. మన కాలేజీలలో సంవత్సరమంతయు ఎట్లు గడిపినను చివరి నెలలో గట్టిగా చదివి గట్టెక్కువారున్నారు. అక్కడ అది సాగదు. వారము వారము ఇంటిపని, మధ్యలో పరీక్షలు, నలుగురు కలిసి చేయు ప్రాజెక్టు, అన్నిటి మార్కులును చివర కూడబడును. పై చదువులో సాధారణముగా ఒక సెమిస్టరునకు తొమ్మిది క్రెడిట్లు, డిగ్రీ మొత్తమునకు ముప్పది మొదలు ముప్పదియారు క్రెడిట్లు ఉండును. సగటు నాలుగింటికి మూడు కంటె తగ్గినయెడల అనేక విశ్వవిద్యాలయములు హెచ్చరిక ఇచ్చును. తగ్గుచునే పోయినయెడల స్థానము పోవును.

రెండవది, ఉపాధ్యాయునితో మాటలాడు విధము. గురువుగారి యెదుట నోరు మెదపకుండుటయే మర్యాదయని మన ఇండ్లలో నేర్పితిమి. అక్కడ ప్రశ్న అడుగనివాడు శ్రద్ధలేనివాడని తలంచెదరు. విద్యార్థులను కలిసికొనుటకు ప్రతి ఉపాధ్యాయుడును వారములో కొన్ని గంటలు ప్రకటించును. ఆ గంటలలో వెళ్లి తలుపు తట్టుట అవమానము కాదు.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ఇక్కడ స్నేహితుని రికార్డు పుస్తకము చూచి వ్రాసికొనుటను ఎవరును పెద్ద తప్పుగా ఎంచరు. ఇయ్యనివానినే పిసినారి అందురు. అక్కడ ఒకరి పనిని మరియొకరు తన పేర పెట్టుట దొంగతనముతో సమానము. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును శిక్ష పొందుదురు. ఒక్క కాపీ వలన విశ్వవిద్యాలయమునుండి తీసివేయబడవచ్చును. చదువు పోయినయెడల వీసా కూడ పోవును. ఈ సంగతి వెళ్లకముందే ఇంటిలో స్పష్టముగా చెప్పవలెను.

2. ఒక భీమవరపు విద్యార్థి

ఈ పాఠమునకు మన ప్రాంతములోనే ఒక దృష్టాంతమున్నది. 1895లో భీమవరములో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు తండ్రిని చిన్నతనమునందే పోగొట్టుకొనిరి. ఇద్దరు సోదరులను స్ప్రూ అను ప్రేగుల జబ్బు కొన్ని దినముల యెడములోనే తీసికొనిపోయినది. మద్రాసులో వైద్యము చదివి, మామగారి సహాయముతోను కాకినాడలోని ఒక ధర్మసంస్థ సహాయముతోను 1923లో అమెరికాలోని బోస్టను నగరమునకు చేరిరి. మన దేశపు వైద్యపు పట్టాతో అక్కడ వైద్యము చేయుటకు వీలులేకపోయినది. కాబట్టి హార్వర్డులో చదువుకొనుచు, రాత్రులయందు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు తీసి శుభ్రముచేయు పని చేసిరి.

ఇది గమనించుడి. ఇంటియొద్ద డాక్టరుగారని పిలువబడువాడు అక్కడ రాత్రిపూట పాత్రలు కడిగెను. ఆ పనిని అవమానమని ఎంచి తిరిగి వచ్చినయెడల ఆయనను ఎవరును ఎరుగకపోదురు. 1925లో ఆయనయు ఫిస్కే అను ఆచార్యుడును కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1930లో ఆయన డాక్టరేటు పొందిరి. 1940లో లెడర్లీ అను మందుల సంస్థకు వెళ్లి పరిశోధకులకు నాయకత్వము వహించిరి. స్ప్రూ రోగులకు మేలుచేసిన ఫోలిక్ ఆమ్లమును తయారుచేయుట, కాన్సరునకు వాడు మెథొట్రెక్సేటు, అరియోమైసిన్ అను మందు, ఇవన్నియు ఆయన నడిపిన ప్రయోగశాలల ఫలము. మన డెల్టాలో అనేకులను బాధించిన బోదకాలు జబ్బునకు ఇచ్చు డి.ఇ.సి. మాత్ర కూడ అక్కడనుండియే వచ్చినది. భీమవరమునుండి వెళ్లినవాని ప్రయాసము భీమవరపు వీధులకే మందుగా తిరిగి వచ్చినది.

అయితే ఈ కథలో మరియొక ప్రక్క కూడ ఉన్నది, దానిని దాచరాదు. 1923లో ఓడ ఎక్కిన సుబ్బారావుగారు మరల స్వదేశమును చూడలేదు. భార్య ఇక్కడనే ఉండిపోయిరి. పుట్టిన కుమారుడు పసితనములోనే చనిపోయెను. తండ్రి అతని ముఖము చూడలేదు. 1948లో, ఏబది మూడేండ్ల వయస్సులో ఆయన అమెరికాలోనే మరణించిరి. పరదేశపు విజయమునకు వెల ఉన్నది. ఆ వెలలో కొంత వెళ్లినవాడు చెల్లించును, కొంత ఇంటనున్నవారు చెల్లింతురు. ఈ లెక్క తెలిసి పంపుట వేరు, తెలియక పంపుట వేరు.

3. రెండేండ్ల ప్రవక్తలు

యిర్మీయా 28వ అధ్యాయములో హనన్యా అను ఒక ప్రవక్త కనబడును. ఇతడు దానియేలు స్నేహితుడైన హనన్యా కాడు. చెరలోనికి పోయినదంతయు రెండేండ్లలో తిరిగి వచ్చునని ఇతడు జనుల యెదుట గట్టిగా చెప్పెను. వినుటకు ఆ మాట ఎంత హాయిగా నున్నది! యిర్మీయా మాత్రము డెబ్బది సంవత్సరములని వ్రాసెను. జనులు ఎవరి మాట విన గోరిరో చెప్పనక్కరలేదు.

మన కాలములో కూడ రెండేండ్ల ప్రవక్తలున్నారు. "రెండేండ్లలో చదువు అయిపోవును, మూడవ ఏట అప్పు తీరిపోవును" అని ఏజెంటు చెప్పును. తలిదండ్రులారా, ఒక లెక్క వేసికొందము. ఇరువది లక్షలు ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చితిమనుకొనుడి. నెలకు నలువది వేలు వడ్డీ. రెండేండ్లకు తొమ్మిది లక్షల అరువది వేలు. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. అదే సొమ్ము బ్యాంకులో ఏడాదికి నూటికి పదకొండు చొప్పున దొరికినయెడల, చక్రవడ్డీ లేకుండ రెండేండ్లకు నాలుగు లక్షల నలువది వేలు. పైగా బ్యాంకులు సాధారణముగా చదువు ముగిసి కొంతకాలము గడుచువరకు వాయిదాలు అడుగవు. ఇంతకు రెట్టింపుపైగా వడ్డీ కట్టుకొని, అది చాలక నెల నెల బిడ్డకు ఫోను చేసి డబ్బు అడిగినయెడల, ఆ బిడ్డ చదువునా, పనికి పరుగెత్తునా?

అమెరికాలో విద్యార్థి వీసా మీద వెళ్లినవారు తరగతులు నడుచు కాలములో కాలేజీ ఆవరణలోనే, వారమునకు ఇరువది గంటలకు మించకుండ పనిచేయవచ్చును. గంటకు పన్నెండు డాలర్లు అనుకొన్నను వారమునకు 240 డాలర్లు. గది అద్దెలో తన వంతునకును భోజనమునకును అది సరిపోవచ్చును; ఫీజును మోయలేదు. మిగిలిన దానికొరకు పెట్రోలు బంకులోనో హోటలులోనో దొంగచాటుగా పనిచేయుమని స్నేహితులు చెప్పుదురు. అది చట్టవిరుద్ధము. పట్టుబడినయెడల ఇంటికి పంపివేయుదురు. అప్పు మాత్రము ఇక్కడనే ఉండును.

మరియొక ఉచ్చు ఉన్నది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ అను సంస్థను అధికారులు మూసివేసిరి. అక్కడ పేర్లు వ్రాయించుకొన్నవారిలో అత్యధికులు భారతీయులు. వారిలోను మన తెలుగు పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్లకు జాడ తెలుపు యంత్రములు కట్టిరి. ఆ సంస్థ యజమానురాలికి 2014లో పదహారు సంవత్సరములకు పైగా జైలు శిక్ష పడినది. ఇది జరిగిన తరువాతనైనను బుద్ధి రాలేదు. 2019 జనవరిలో మిచిగాను రాష్ట్రములోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి బయటపడెను. అది అసలు విశ్వవిద్యాలయమే కాదు. మోసగాండ్రను పట్టుటకు ప్రభుత్వాధికారులే పెట్టిన పేరు. ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. పేరు వ్రాయించుకొన్న వందలాది విద్యార్థులలో అనేకులు తెలుగువారు. అనేకులు నిర్బంధింపబడిరి.

కాబట్టి చేరకముందే ఈ నాలుగు అడుగుడి. తరగతులు గదిలో జరుగునా? ఆ సంస్థకు అక్కడి గుర్తింపు ఉన్నదా? అంతకుముందు వెళ్లి చదివి డిగ్రీ తీసికొన్నవాడు ఒక్కడైనను మనతో మాటలాడునా? ఏజెంటు ఎవరివలన డబ్బు పుచ్చుకొనుచున్నాడు? బ్యాంకులో లేని సొమ్ము ఉన్నట్లు చూపు కాగితము, చేయని ఉద్యోగము చేసినట్లు చూపు కాగితము ఎవరైన తెచ్చినయెడల, అక్కడనే ఆగిపోవుడి. అబద్ధముతో వేసిన పునాదిమీద బిడ్డ కాపురముండవలసి యుండును.

4. తోట నాటుట

యిర్మీయా ఉత్తరములోని ఆశ్చర్యమైన సంగతి ఇది. చెరలోనున్నవారిని ఇండ్లు కట్టుకొనుమనియు, తోటలు నాటి వాటి ఫలము తినుమనియు, తామున్న పట్టణముయొక్క క్షేమము కోరుమనియు అతడు చెప్పెను. తోట నాటువాడు మూటకట్టుకొని కూర్చుండువాడు కాడు. ఎంతకాలమున్నను, ఉన్నంతకాలము అక్కడ ఉండవలెను.

విద్యార్థికి తోట అనగా ఏమి? మొదటిది వంట. ఇంటిలో గిన్నె కదపని కుమారుడు అక్కడ నలుగురితో కలిసి వంతులవారీగా వండుకొనవలెను. ప్రయాణమునకు ఆరునెలల ముందునుండి అన్నము, పప్పు, చారు, ఒక కూర వండుట నేర్పుడి. గోంగూర పచ్చడి సీసా రెండు నెలలలో అయిపోవును. నేర్చిన వంట అయిపోదు.

రెండవది చలి. మన సంక్రాంతి చలిని చలియని తలంచినవారు మిన్నెసోటాలోనో మిచిగానులోనో మంచు గడ్డకట్టు దినములను ఊహింపజాలరు. ఒక్క మందమైన కోటు కంటె ఒకదానిమీద ఒకటి వేసికొను మూడు పలుచని బట్టలు మేలు. కోటును అక్కడనే కొనుట మంచిది. చలికాలములో సాయంకాలము అయిదు గంటలకే చీకటి పడును. ఆ చీకటి మనస్సులోనికి కూడ దిగును. వెలుతురున్నప్పుడు బయట నడువవలెను.

మూడవది ఆరోగ్య భీమా. అక్కడ ఒక్క ఆసుపత్రి బిల్లు ఒక సంవత్సరపు ఫీజును మింగగలదు. భీమా పత్రములో ఏది చేరినదో, ఏది చేరలేదో మొదటి వారములోనే చదువవలెను.

నాలుగవది స్నేహము. తెలుగు స్నేహితులు వలసినదే. జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చువారు వారే. అయితే తెలుగువారితో మాత్రమే తిరుగువాడు రెండేండ్లు గడిచినను ఆ దేశమునకు రానివాడే. ప్రార్థనకు వెళ్లుచోట కూడ తెలుగు సహవాసము ఒకటి, ఆ ఊరి సంఘము ఒకటి చూచుకొనుట మేలు. 1841లో రాబర్టు నోబులుగారును హెన్రీ ఫాక్సుగారును ఇంగ్లాండునుండి మచిలీపట్నము వచ్చినప్పుడు, మొదట చేసిన పని తెలుగు నేర్చుకొనుట. నోబులుగారు 1843లో బడి తెరచి, 1865లో చనిపోవువరకు అక్కడనే ఉండిరి. మన బందరు ఎండను వారు సహించి నిలువగలిగిరి. మన పిల్లలు మంచును సహింపలేరా?

5. రెండు హెచ్చరికలు

బందరు కాలువలోను రైవిస్ కాలువలోను ఈత నేర్చిన మన పిల్లలు నీటికి భయపడరు. ఆ ధైర్యమే అక్కడ కీడు. 2024 ఏప్రిలులో స్కాట్లండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ అను జలపాతమునొద్ద ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయిరి. చలిదేశపు నీరు ఒడలికి తగిలిన క్షణములోనే ఊపిరి ఎగబ్రాకును; కొన్ని నిమిషములలోనే కాలు చేయి పట్టు తప్పును. ఎంత ఈతగాడైనను నిలువలేడు. ఫోటో కొరకు తడిసిన రాతిమీద నిలువరాదని ప్రతి తల్లియు చెప్పి పంపవలెను.

రెండవ హెచ్చరిక మనోవ్యాకులతను గూర్చినది. అప్పు, మార్కులు, ఉద్యోగము దొరకకపోవుట, ఒంటరితనము, ఇవన్నియు ఒక్క రాత్రి కూడివచ్చినయెడల మంచి బిడ్డ కూడ క్రుంగిపోవును. ఇది విశ్వాసము లేకపోవుట కాదు. ఏలీయా యంతటివాడు బదరీవృక్షము క్రింద చచ్చిపోగోరెను. అప్పుడు అతనికి మొదట దొరికినది గద్దింపు కాదు, నిద్రయు రొట్టెయు నీళ్లును. విశ్వవిద్యాలయములలో ఇట్టి బాధ వినుటకు సలహాదారులుందురు. అమెరికాలో 2022నుండి 988 అను అంకెకు రాత్రియైనను పగలైనను ఫోను చేయవచ్చును. ఈ అంకెను బిడ్డ ఫోనులో వ్రాయించి పంపుడి.

6. ఇంటనున్నవారి పని

యిర్మీయా ఉత్తరము ఇంటినుండి పరదేశమునకు వెళ్లిన ఉత్తరము. అందులో ఫిర్యాదు లేదు, తొందర లేదు, డబ్బు మాట లేదు. మీరున్నచోట బాగుగా బ్రదుకుడి అను మాట ఉన్నది. మన ఫోను మాటలు ఎట్లున్నవి?

మన ఊరిలో ఆదివారము ఉదయము ఏడు గంటలైనప్పుడు, చలికాలములో న్యూయార్కులో శనివారము రాత్రి ఎనిమిదిన్నర. మనము ఆరాధనకు కూర్చుండువేళకు వారికి అర్ధరాత్రి సమీపించును. కాబట్టి ఫోను తీయలేదని అలుగరాదు. వారమునకు ఒక వేళ నిర్ణయించుకొనుడి. మొదటి ప్రశ్న "తిన్నావా, నిద్రపోయావా" అని యుండవలెను గాని, "ఎదురింటివాని కొడుకు ఇల్లు కొన్నాడట" అని యుండరాదు. చదువు సాగక తిరిగి వచ్చిన బిడ్డ ఉన్నయెడల, ఆ ఇంటికి సంఘపెద్దలు మొదటి వారములోనే వెళ్లవలెను. పరామర్శకు కాదు, స్వాగతమునకు. తప్పిపోయిన కుమారుని తండ్రి దూరముననుండగానే పరుగెత్తెను. తప్పే చేయక ఓడిపోయి వచ్చిన బిడ్డకు ఎంత ఎక్కువగా పరుగెత్తవలెను!

కడపటి మాట. మన కాలేజీలలో చదువుటకు ఆఫ్రికా దేశములనుండి వచ్చిన విద్యార్థులు విజయవాడ చుట్టుప్రక్కల గదులలో ఉన్నారు. వారికి గది అద్దెకిచ్చుటకు వెనుదీయువారు, వారిని చూచి నవ్వువారు మనలో లేకపోలేదు. లేవీయకాండము 19వ అధ్యాయము పరదేశిని మన ఊరివానివలె చూడుమని ఆజ్ఞాపించుచున్నది. మీరును పరదేశులై యుంటిరని కారణము కూడ చెప్పుచున్నది. మన బిడ్డకు అక్కడ ఎవరో ఒకరు తలుపు తీయవలెనని ప్రార్థించు మనము, వారి బిడ్డకు ఇక్కడ తలుపు తీయవలెను. రాబోవు క్రిస్మసు పండుగ భోజనమునకు ప్రతి సంఘము అట్టివారిని ఇద్దరినైనను పిలుచునుగాక.

చర్చించుటకు ప్రశ్నలు

1. దానియేలు బబులోనులో అంగీకరించినవేవి? అంగీకరింపనిదేది? మన పిల్లలు వేరుచేసికొనవలసినవేవి?

2. హనన్యా మాటకును యిర్మీయా మాటకును భేదమేమి? ఏజెంటు మాటను ఎట్లు పరీక్షింపవలెను?

3. మన సంఘములో బిడ్డ చదువుకొరకు ఊరివడ్డీకి అప్పు తెచ్చిన ఇండ్లున్నవా? బ్యాంకుకు వెళ్లుటలో వారికి ఎవరు తోడుగా పోగలరు?

4. పోయిన వారము ఫోనులో మన బిడ్డతో మాటలాడిన మొదటి మాట ఏది?

5. మన ఊరికి సమీపములో చదువుచున్న పరదేశ విద్యార్థులెవరు? వారిని పిలుచుటకు ఎవరు వెళ్లుదురు?